ఆ బీరువా తాళం తీయించండి

అంగన్‌వాడీ కేంద్రాలను నడిపే అధికారులకు, వాటి లెక్కలు చూసే ఆడిట్ వారికి, ప్రాథమిక పాఠశాలల బాధ్యులకు ఒక రిటైర్డ్ టీచరమ్మ బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో 31 ఏళ్లు సెకండరీ గ్రేడ్ టీచరుగా చేసి రిటైరైనదాన్ని. మాది అనకాపల్లి జిల్లాలో ఒక పల్లె. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే మీరు ముందుగా సంజాయిషీ అడిగేది మా అంగన్‌వాడీ టీచరునే అని తెలుసు. ఈ ఉత్తరం ఆ అమ్మాయి మీద ఫిర్యాదు కాదు. కేంద్రంలో పిల్లల ఆట బొమ్మలున్న బీరువాకు తాళం వేస్తున్నది ఆమే, నిజమే. ఆమె చేత వేయిస్తున్నదేమిటో చెబుదామనే రాస్తున్నాను.

నా మనవరాలికి నాలుగేళ్లు. కొడుకూ కోడలూ షిఫ్టు డ్యూటీలకు పోతారు కాబట్టి పొద్దున దాన్ని కేంద్రంలో దింపేదీ మధ్యాహ్నం తెచ్చుకునేదీ నేనే. కిందటేడు ఒక రోజు దారిలో అడిగింది.

"మామ్మా, ఆ బొమ్మలు ఎవరివి?"

"ఏ బొమ్మలే?"

"బీరువాలోవి. మనవి కావంట కదా."

వెళ్లి చూశాను. అద్దం తలుపుల బీరువా. లోపల రంగుల దిమ్మెలు, కర్ర పూసలు, ఆకారాలు అమర్చే పలక, చేతికి తొడిగి ఆడించే బొమ్మలు రెండు, ప్లాస్టిక్ పండ్ల బుట్ట ఒకటి. కొన్నిటికి కవరు కూడా విప్పలేదు. బయట చాప మీద పద్దెనిమిది మంది పిల్లలు చేతులు కట్టుకుని కూర్చుని ఒకటి రెండు మూడు చదువుతున్నారు. బీరువా అద్దం నిండా, వాళ్ల ముక్కులు అందే ఎత్తున, వేళ్ల మరకలు. వాటిని ఆయా వారానికోసారి గుడ్డతో తుడుస్తుందట.

టీచరును అడిగితే ఆ అమ్మాయి ఏదీ దాచలేదు. "విరిగితే నేను కట్టుకోవాలి మేడమ్. రిజిస్టర్లో ఇరవై నాలుగు దిమ్మెలని ఉంది. ఇరవై మూడు కనబడితే మీటింగులో అందరి ముందూ నిలబెట్టి అడుగుతారు" అంది.

ముందు నోటిమాటగా పై వాళ్లకు చెప్పాను. నవ్వి ఊరుకున్నారు. తర్వాత సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇచ్చాను. పదిహేను రోజులకు ఫోనుకు మెసేజ్ వచ్చింది, 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని. సంతోషపడి వెళితే తాళం ఎక్కడిదక్కడే ఉంది. జరిగింది ఇదీ: పైనుంచి ఫోనొచ్చింది. బొమ్మలన్నీ చాప మీద పరిచారు. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. తిరిగి ఒక్కొక్కటే లెక్కపెట్టి లోపల పెట్టేశారు. ఆ ఫోటోలో నా మనవరాలు పూసల దండ పట్టుకుని నవ్వుతోంది. ఆ సాయంత్రం అది ఏడ్చిన ఏడుపు ఫోటోలో లేదు కనుక మీ దాకా రాలేదు. రెండో అర్జీకీ అదే మెసేజ్. ఈసారి ఫోటో పని కూడా పడలేదు.

మీకు నీతులు చెప్పే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ కింద బళ్లకు ఆట వస్తువులు, గణిత కిట్టు, సైన్సు కిట్టు ఇచ్చారు. నేను ఉద్యోగంలో చేరిన బడిలో ఆ సామాను ఒక ట్రంకు పెట్టెలో ఉండేది. ఛార్జి అప్పగించేటప్పుడు నా ముందరి మాస్టారు సామాను లెక్కపెట్టి తాళం చెవి నా చేతిలో పెట్టి, "జాగ్రత్తమ్మా, పోతే మన పీకలకు చుట్టుకుంటుంది" అన్నారు. నేనూ జాగ్రత్తగానే ఉన్నాను. పిల్లలు చేతులతో చేస్తూ నేర్చుకోవాలని ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) ట్రైనింగుల్లో చెబితే తలూపి వచ్చాను, మళ్లీ తాళం వేశాను. ఏడేళ్ల తర్వాత బదిలీ మీద వెళ్లేటప్పుడు పెట్టె తెరిస్తే ఎలకలు కొట్టేసిన గుడ్డబొమ్మలు, తుప్పు పట్టిన తక్కెడ. లెక్క మాత్రం సరిపోయింది. సంతకాలయ్యాయి. అంటే ముప్ఫై ఏళ్లలో ట్రంకు పెట్టె పోయి అద్దాల బీరువా వచ్చిందన్నమాట.

ఇది నిర్లక్ష్యం వల్ల జరుగుతున్నది కాదు, మరీ జాగ్రత్త వల్ల జరుగుతున్నది. స్టాకు రిజిస్టర్లో వచ్చినవి, ఉన్నవి, తగ్గినవి అని గడులుంటాయి. 'పిల్లలు ఆడుకోగా అరిగినవి' అనే గడి లేదు. అది లేనంతకాలం, నాలుగేళ్ల పిల్ల చేతిలో చక్రం ఊడిన బండి టీచరు మెడకు చుట్టుకునే నష్టం కిందే లెక్క. సుద్దముక్క అరిగిపోతే ఎవరైనా రికవరీ పెడతారా? కోడిగుడ్డు పిల్ల కడుపులోకి పోతే స్టాకు తగ్గిందని అడుగుతారా? అది ఖర్చు. బొమ్మ మాత్రం ఆస్తి అయింది. అందుకని ఏ కేంద్రంలో బొమ్మలు కొత్తగా నిగనిగలాడుతున్నాయో ఆ కేంద్రానికి మీ దగ్గర మంచి పేరు. నా లెక్కలో అక్కడ ఎవరూ ఆడలేదని అర్థం.

ఈ తాళం వల్ల మామూలు జనానికి ఏం నష్టమో, నేను కళ్లారా చూసినంతవరకు రాస్తాను.

1. చేయి తిరగదు. ఒకటో తరగతిలో చేరే పిల్లలు పెన్సిల్‌ను రోకలి పట్టినట్టు గుప్పిటతో పట్టుకోవడం ఏటా చూసేదాన్ని. బొటనవేలూ పక్క రెండు వేళ్లూ కలిసి పనిచేయడం పెన్సిల్‌తో మొదలవ్వదు. పూసలు గుచ్చడం, బంకమట్టి పిసికి ఉండలు చేయడం, సీసా మూతలు తిప్పడం, ఒక దిమ్మె మీద ఇంకో దిమ్మె కూలకుండా నిలబెట్టడం, ఇవన్నీ అయ్యాక పెన్సిల్ వస్తుంది. ఆ మెట్లు ఎక్కని పిల్లాడి చేత మనం 'అ' దిద్దిస్తాం. వంకర పోతుంది. బడిలో ఒక దెబ్బ, ఇంట్లో ఒక దెబ్బ. దసరా సెలవులకల్లా వాడికి 'మొద్దు' అని పేరు పడుతుంది. నిజానికి ఆ పిల్లాడి తెలివికి ఏ లోటూ లేదు, వేళ్లకు పని దొరకలేదు అంతే. కొంతమంది మూడో తరగతికి వచ్చినా ఆ పేరు వదిలించుకోలేకపోయారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురి మొహాలు ఇప్పటికీ నిద్రలో కనబడతాయి. వాళ్లకు ఆ పేరు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

2. మాట పెరగదు. లక్కపిడతలు ముందు పెట్టుకుని గుజ్జనగూళ్లు ఆడే పిల్లను ఒక పది నిమిషాలు చాటుగా వినండి. "ఉప్పు సరిపోయిందా వదినా", "పాలు పొంగిపోతున్నాయి, చూడు", "మీ ఆయన ఇంకా రాలేదా". అన్నీ పూర్తి వాక్యాలు. నిన్న జరిగింది, రేపు జరగబోయేది, లేనిది ఉన్నట్టు ఊహించడం, ఎదుటి మనిషి ఏమనుకుంటుందో కనిపెట్టడం, అన్నీ ఆ పది నిమిషాల్లో ఉంటాయి. చేతులు కట్టుకుని కోరస్‌గా చెప్పే ఒకటి రెండు మూడులో ఇందులో ఏదీ లేదు.

ఈ సంగతి మీద నేను చదివినవాటిలో మనసులో నిలిచిపోయినది జమైకా దేశపు పరిశోధన. 1986-87లో అక్కడి కింగ్‌స్టన్ నగరంలోని పేదవాడల్లో, 9 నెలల నుంచి రెండేళ్ల లోపు వయసుండి ఎదుగుదల తగ్గిన పిల్లలను 129 మందిని తీసుకున్నారు. కొందరి ఇళ్లకు మన ఆశా కార్యకర్తల్లాంటి ఆరోగ్య కార్యకర్తలు వారానికో గంట చొప్పున రెండేళ్లు వెళ్లి, బిడ్డతో ఎలా ఆడాలో తల్లికి చూపించారు. ఆ బొమ్మలు దుకాణంలో కొన్నవి కావు, ఇంట్లో పారేసే డబ్బాలతో, అట్టలతో చేసినవి. ఇరవై ఏళ్లు పోయాక ఆ పిల్లల సంపాదన ఆ సాయం అందనివాళ్ల కంటే సగటున 25 శాతం ఎక్కువగా ఉందని తేలింది. 2014లో ఆ ఫలితాలు వచ్చాయి. ఇంకో మాట జాగ్రత్తగా వినండి. అదే పరిశోధనలో పాలపొడి మాత్రమే ఇచ్చిన పిల్లలు కూడా ఉన్నారు. వాళ్లలో ఆ లాభం పెద్దయ్యేదాకా నిలవలేదు. గుడ్డు మానేయమనడం లేదు, మహాప్రభో. మా కేంద్రంలో గుడ్డూ పాలూ వేళకు అందుతున్నాయి, అందుకు మీకు నిజంగానే దండం పెడతాను. కానీ గుడ్డు పెట్టి బొమ్మకు తాళం వేస్తే మనం చేసే పని సగమే.

3. లెక్కంటే భయం పట్టుకుంటుంది. వామనగుంటల పీట చూసే ఉంటారు. వరసకు ఏడు చొప్పున రెండు వరసలు, మొత్తం పద్నాలుగు గుంటలు. చింతపిక్కలు గుప్పిట పట్టి ఒక్కో గుంటలో ఒక్కోటి వేసుకుంటూ పోవాలి. ఎక్కడ అయిపోతాయో ముందే కనిపెట్టినవాళ్లది గెలుపు. ఒకటికి ఒకటి జత చేయడం, ముందుకు లెక్కపెట్టడం, పంచడం, మిగిలింది చూసుకోవడం, అన్నీ చేతిలో ఉంటాయి. మా అమ్మ బడి మొహం చూడలేదు. గుప్పిట బరువును బట్టి పిక్కలెన్నో చెప్పేది. సంకలనం, వ్యవకలనం అన్న పేర్లు తెలియని ఆమెను సంతలో ఒక్కరూ మోసం చేయలేకపోయారు.

(మూడేళ్ల లోపు పిల్లలకు చింతపిక్కలు ఇవ్వకండి. ముక్కులో పెట్టుకుంటారు. ఒకసారి అలా పెట్టుకున్న పిల్లాడిని ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాను కాబట్టి చెబుతున్నాను. సుమారు 32 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టంలో పట్టేసేంత చిన్న వస్తువు ఏదైనా ఆ వయసుకు ప్రమాదమని బొమ్మల భద్రతా ప్రమాణాలే చెబుతున్నాయి. ఈ ఒక్క కొలత టీచర్లందరికీ నేర్పితే చాలు, సగం భయం పోతుంది.)

4. పేద ఇంటి జేబుకు చిల్లు. "అంగన్‌వాడీలో ఏముందమ్మా, అన్నం పెట్టి పడుకోబెడతారు." ఈ మాట మా వీధిలో ప్రతి తల్లీ అంటుంది. అందుకని ఉపాధి పనికి వెళ్లే మనిషి కూడా పిల్లాడిని ఆటో కట్టించి పక్క ఊరి ప్రైవేటు నర్సరీకి పంపుతోంది. ఫీజు, ఆటో, టై, బూట్లు. అక్కడ మాత్రం ఆడనిస్తారా? మూడేళ్ల వాడికి హోంవర్కు. ఒక తల్లి రాత్రి తొమ్మిదింటికి నా దగ్గరికి వచ్చి, "టీచరమ్మా, వీడికి వన్ టు ఫిఫ్టీ రావడం లేదు, టెన్షన్‌గా ఉంది" అని ఏడ్చింది. వాడికి ఇంకా నిక్కరు బొత్తాం పెట్టుకోవడం రాదు. ఇంకో సంగతి కూడా గమనించాను. మా వీధిలో ఆటో ఎక్కేది ఎక్కువగా మగపిల్లలు, కేంద్రంలో మిగిలేది ఆడపిల్లలు. అంటే తాళం ఎవరి మీద పడుతోందో చూడండి.

5. ఆట పోయిన చోటికి ఫోను వచ్చింది. అయిదేళ్లలోపు పిల్లల కోసం 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది: మూడు నాలుగేళ్ల పిల్లలు రోజుకు మూడు గంటలు ఒళ్లు కదిలించాలి, అందులో ఒక గంట బాగా చెమట పట్టే ఆట ఉండాలి, తెర ముందు గంటకు మించి కూర్చోకూడదు. మన ఇళ్లలో ఇప్పుడు సరిగ్గా తిరగబడి ఉంది. ఇందులో తప్పు తల్లులదే కాదు. పనికి పోయి వచ్చి వంట చేసుకునే మనిషికి ఫోను ఒక్కటే ఆయా.

ఇప్పుడు కేంద్రాలకు టీవీలు వస్తున్నాయి. సక్షమ్ అంగన్‌వాడీల పథకంలో ఎల్‌ఈడీ తెర ఒక సదుపాయం. వద్దనను. కానీ తెర పెట్టగానే ఆట పెట్టేసినట్టు రాసుకోకండి. 2016లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో 26 మంది తల్లిదండ్రులను, వాళ్ల ఏడాది వయసు పిల్లలను గమనించారు. మీట నొక్కితే వెలిగి మాట్లాడే బొమ్మ చేతిలో ఉన్నప్పుడు పెద్దవాళ్లు పిల్లలతో తక్కువ మాట్లాడారు. పుస్తకాలు, మామూలు దిమ్మెలు ఉన్నప్పుడు ఎక్కువ మాట్లాడారు. బొమ్మే అన్నీ మాట్లాడేస్తుంటే అమ్మకు మాట్లాడే పని ఏముంటుంది?

ఇవన్నీ కొత్తగా నేను కోరుతున్నవనుకోకండి. చాలావరకు మీ పుస్తకాల్లోనే ఉన్నాయి. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) మొదలైనప్పటి నుంచి ఆటపాటల పూర్వ ప్రాథమిక విద్య అంగన్‌వాడీ సేవల్లో ఒకటి. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో ఆట పిల్లల హక్కు అని ఉంది, 1992లో మన దేశం దానికి ఒప్పుకుంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఆటస్థలం ఉండాలనీ, ఒక్కో తరగతికి ఆట వస్తువులు ఇవ్వాలనీ రాసి ఉంది. 2020 జాతీయ విద్యావిధానం, ఆరేళ్లలోపే మెదడు ఎదుగుదల 85 శాతానికి పైగా అయిపోతుందని చెప్పింది. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠ్యపుస్తకాలే వద్దంది. 2023 ఫిబ్రవరిలో 'జాదూయి పిటారా', అంటే మాయల పెట్టె, అన్న పేరుతో ఆటవస్తువుల పెట్టె విడుదల చేశారు. అదే ఏడాది 'పోషణ్ భీ పఢాయీ భీ', అంటే పోషణా చదువూ రెండూ, అన్నారు. పేర్లు బాగున్నాయి. మాయల పెట్టె మా ఊరికి వచ్చినా దానికీ తాళం పడుతుందని నా భయం.

ఇక మా జిల్లా మనిషిగా నాకు మనసు కాలే సంగతి.

మా ఊరికి బస్సులో గంట లోపు దూరంలో, వరాహ నది ఒడ్డున, ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, ఆ వేడికి లక్క కరిగి రంగు పట్టేలా చేసే బొమ్మలు. మూల కోణాలు లేకుండా గుండ్రంగా, పిల్ల చేతికి నునుపుగా ఉంటాయి. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల్లాంటివాటి నుంచి తీసిన రంగులు. రసాయన రంగుల నుంచి సహజ రంగుల వైపు ఆ కళను మళ్లించిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీ కర్తవ్య పథ్‌లో మన రాష్ట్ర శకటం ఏటికొప్పాక బొమ్మలే, మూడో బహుమతి కూడా వచ్చింది. ఆ రోజు టీవీలో చూసి మా ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టాం. మర్నాడు కేంద్రానికి వెళ్లి చూస్తే, ఢిల్లీ దాకా ఊరేగిన బొమ్మ పక్క ఊళ్లో పిల్లల చాప మీదికి రాలేదు. బీరువాలో ఉన్నవి ఎక్కడి నుంచి వచ్చాయో కవరు మీద చదవడానికి కూడా వీల్లేని ప్లాస్టిక్.

ఐఎస్ఐ గుర్తు లేదని చేతివృత్తుల బొమ్మలు కొనలేమని ఒకరు నాతో అన్నారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి అయిన మాట నిజమే. కానీ హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మల నమోదిత తయారీదారులకు 2020 డిసెంబరులోనే ఆ ఉత్తర్వు నుంచి మినహాయింపు ఇచ్చారు. ఏటికొప్పాక, కొండపల్లి, తెలంగాణలో నిర్మల్, ఇన్ని ఊళ్లను దగ్గర పెట్టుకుని ఎక్కడో కొనడం ఎందుకు? ఒకటి మాత్రం తేడా తెలుసుకుని కొనండి. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో చేసిన తేలిక సరుకు, కొలువులో పెట్టి చూడడానికి అందం. మూడేళ్ల పిల్ల నేలకేసి కొట్టడానికి మాత్రం ఏటికొప్పాక బొంగరాలు, బండ్లు, పిడతలే నయం.

అసలు డబ్బే పెట్టనక్కర్లేని బొమ్మలూ ఉన్నాయి. వేసవిలో ముంజెలు తిన్నాక తాటిబుర్రలకు పుల్ల గుచ్చి రెండు చక్రాల బండి చేసుకోని తెలుగు పిల్లాడు మా తరంలో ఉన్నాడా? కొబ్బరాకు బూర, తాటాకు గాలిమర, పాత చీర గుడ్డల బొమ్మ. మా ఊళ్లో ఇవి చేయగలిగిన ముసలివాళ్లు ఇప్పటికీ పది మంది ఉన్నారు. వాళ్లను ఎవరూ పిలవరు. వాళ్లు చేసిన బండికి స్టాకు నంబరు వేయడం కుదరదు కదా.

ఇక నేను అడిగేవి.

1. ఆట వస్తువులను ఆస్తుల జాబితాలోంచి తీసి, సుద్దముక్కల్లా, వంట సరుకుల్లా వాడుక వస్తువుల జాబితాలో చేర్చుతూ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. విరిగిన, పోయిన బొమ్మకు టీచరు దగ్గర, ఆయా దగ్గర రికవరీ పెట్టకూడదని అందులో స్పష్టంగా ఉండాలి. నోటిమాట వద్దు. సూపర్‌వైజర్లు మారతారు, మాట మారుతుంది. మిగిలినవన్నీ ఆలస్యమైనా ఈ ఒక్కటీ ముందు చేయండి, పైసా ఖర్చు లేదు.

2. ఆడిట్ వారికి విన్నపం. తనిఖీ ఫారంలో 'బొమ్మలు ఎన్ని ఉన్నాయి' అన్న ప్రశ్నతో పాటు 'ఈ ఏడాది ఎన్ని అరిగాయి, ఎన్ని విరిగాయి' అన్నది చేర్చండి. ఏడాదికి ఒక్కటీ విరగని కేంద్రంలో ఎందుకు విరగలేదో అడగండి.

3. కేంద్రం తెరిచిన దగ్గర నుంచి మూసేదాకా బొమ్మలు పిల్లలకు అందే ఎత్తున, తలుపుల్లేని అరలో ఉండాలి. రాత్రికి గదికి తాళం ఎలాగూ వేస్తారు.

4. ఫోటోలు అడగడం తగ్గించండి. పోషణ్ ట్రాకర్ యాప్, రిజిస్టర్లు, బరువులు, సర్వేలు, ఎన్నికల పనులు అయ్యాక ఆ టీచరుకు చాప మీద కూర్చునే సమయం ఎంత మిగులుతుందో ఒక రోజు గడియారం పెట్టి చూడండి. పిల్లలతో ఆడే గంటన్నర ఏ యాప్ పనీ పెట్టకూడదని ఒక నియమం చేయండి.

5. ప్రీస్కూల్ కిట్ల కింద ఏ కేంద్రానికి ఈ ఏడాది ఎంత ఇచ్చారో, ఏం కొన్నారో, ఎవరి దగ్గర కొన్నారో కేంద్రం గోడ మీద రాయించండి. అందులో కొంత భాగం దగ్గరలోని చేతివృత్తుల వాళ్ల దగ్గరే కొనాలని పెట్టండి. రాష్ట్రం మొత్తానికి ఒకే టెండరు వేస్తే, ఇంటి వసారాలో లేత్ పెట్టుకున్న మనిషి ఆ కాగితం దాకా రాలేడు. మండలానికి మండలం విడగొడితే రాగలడు.

6. నెలకో రోజు ఊళ్లో పెద్దవాళ్లను కేంద్రానికి పిలవండి. తొక్కుడుబిళ్ల, గచ్చకాయలు, దాగుడుమూతలు ఆడించడానికి మాకు పారితోషికం అక్కర్లేదు. టీ ఇస్తే చాలు, చక్కెర తక్కువ వేసి.

7. ప్రాథమిక పాఠశాలల వారికి: ఒకటి, రెండు తరగతులకు కూడా ఇవే వర్తింపజేయండి. ఆటల పీరియడ్‌ను లెక్కల సిలబస్ కోసం మింగేయకండి. ఒంటికాలి మీద నిలబడలేని పిల్లలకు, చూపు తక్కువున్న పిల్లలకు, మాట ఆలస్యమైన పిల్లలకు ఏ బొమ్మలు పనికొస్తాయో టీచర్లకు విడిగా చూపించండి. వాళ్లను గోడ పక్కన కూర్చోబెట్టి ఆట అయిపోయిందంటున్నాం.

తల్లిదండ్రులకు కూడా ఒక్క మాట. పిల్ల బట్టలకు మట్టి అంటుకుని వస్తే టీచరు మీదికి పోకండి. ప్లాస్టిక్ పండు విరిచిందని కేంద్రం నుంచి కబురొస్తే పిల్లను కొట్టకండి. మీరు గొడవ పడతారనే భయం కూడా ఆ తాళానికి ఒక కారణం.

రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి అంగన్‌వాడీలు దాదాపు 90 వేలు. అన్నిట్లోనూ ఇలాగే ఉందని నేను అనను. బొమ్మలు చిందరవందరగా పడేసి ఆడించే టీచర్లు నాకు తెలుసు. విరిగినవాటి బదులు సొంత డబ్బుతో కొని పెట్టినవాళ్లూ తెలుసు. కానీ ఒక టీచరు మంచితనం మీదో, ఆమె ధైర్యం మీదో పిల్లల ఆట ఆధారపడి ఉండడం మీకు మర్యాద కాదు.

ఈ ఉత్తరానికి 'పరిష్కరించబడినది' అని మెసేజ్ పంపవద్దని ప్రార్థన. పంపదలుచుకుంటే మనిషినే పంపండి. ఏదో ఒక మామూలు రోజు, పదకొండు గంటలప్పుడు, ముందుగా ఫోను చేయకుండా రమ్మనండి. బీరువా దగ్గర కాకుండా చాప దగ్గర నిలబడి చూడమనండి. మా ఊరే కానక్కర్లేదు, ఏ ఊరైనా సరే. మా మనవరాలు వచ్చే జూన్‌లో ఆ కేంద్రం వదిలి ఒకటో తరగతికి దగ్గరవుతుంది. దాని వెనక ఇంకో పద్దెనిమిది మంది ఉన్నారు. అందులో నలుగురు ఇప్పటికే అద్దం అందుకునే ఎత్తుకు వచ్చారు.

ఇట్లు,
అనకాపల్లి జిల్లా నుంచి ఒక మామ్మ,
రిటైర్డ్ సెకండరీ గ్రేడ్ టీచరు